మరుభూమి జలపాతములు – అతిథి ధర్మము

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున, గ్రాండ్ కాన్యన్ మహాగర్తమునకు ఉపశాఖయైన హవాసూ లోయలో, చుట్టును ఎఱ్ఱని శిలాకుడ్యములు ఎండకు కాగుచుండగా, నట్టనడుమ నీలిపచ్చని నీరు సుమారు 100 అడుగుల ఎత్తునుండి దూకుచున్న దృశ్యమును చిత్రములలో చూచి, అచ్చట ఈదవలెననియు, ఏటియొడ్డున గుడారము వేసికొని రెండు రాత్రులైనను గడపవలెననియు ఉవ్విళ్లూరు తెలుగు యువకులు ఆ దేశమున ఎందరో కలరు. వారి కోరిక సహజమైనది, శ్లాఘ్యమైనది కూడ. అయినను ఆ నీటికి యజమానులు కలరనియు, ఆ నీటికొక స్వభావము కలదనియు ఎఱిగి పోవుట వారి ధర్మము.

సున్నపురాతి పొరలగుండ ఊరివచ్చు ఆ సెలయేటి జలము సున్నమును కరగించుకొని ప్రవహించును. ఆ వర్ణము దాని చలువయే. ఒక ఎండుపుల్ల ఆ నీటబడి చిక్కుకొన్నచో కొంతకాలమునకు దానిచుట్టును రాతితొడుగు ఏర్పడును. ఆకులమీదను వేళ్లమీదను ఇట్లే పేరుకొనిన సున్నము క్రమముగా గట్లై, ఆ గట్ల వెనుక మెట్లుమెట్లుగా మడుగులు నిలిచినవి. ఈతగాండ్రు దిగునది ఈ మడుగులలోనికే. ఏడాది పొడుగునను సుమారు 21 డిగ్రీల వెచ్చదనముతో ఆ నీరు మనుష్యుని పిలుచుచున్నట్లే యుండును. అయితే ఆ గట్ల అంచులు గరుకైనవి. నీటి అడుగు వరద వచ్చినప్పుడెల్ల మారునది. కావున నిరుడు నిర్భయముగా దూకినచోట నేడు రాయి యుండవచ్చును. దిగువనున్న మూనీ జలపాతమునకు పోవు త్రోవయు నల్లేరుపై బండినడక కాదు: రాతిలో తొలిచిన సొరంగములలో దూరి, తుంపరలకు తడిసిన ఇనుపగొలుసులను పట్టుకొని, నిచ్చెనలమీద దిగవలయును.

అంతకంటె భయంకరమైనది వరద. ఎచ్చటనో పీఠభూమిపై కురిసిన వాన, లోయలోని ఆకాశము నిర్మలముగా ఉన్నప్పుడే, ఇరుకైన శిలామార్గమున ఒక్కుమ్మడిగా వచ్చిపడును. 2008 ఆగస్టులో వచ్చిన వరద త్రోవ మార్చుకొని అచ్చటి నవాజో జలపాతమును ఎండగట్టి, చేరువనే క్రొత్త జలపాతములను సృష్టించెను. 2024 ఆగస్టు వరదలో ఒక సందర్శకురాలు ప్రాణములు కోల్పోగా, నూరుమందికి పైగా జనులను హెలికాప్టర్లతో తరలింపవలసి వచ్చెను.

ఆ లోయ హవాసుపాయ్ జాతివారిది. తరతరములుగా పీఠభూమియందంతటను సంచరించిన ఆ జనులను 1882లో 518 ఎకరములకు కుదించిరి. 1975లో చేసిన చట్టము వలన గాని సుమారు 1,85,000 ఎకరములు వారికి తిరిగి దక్కలేదు. వారి సుపాయ్ గ్రామమునకు నేటికిని బండిబాట లేదు. టపా కంచరగాడిదలమీద వచ్చును. కొండపైనుండి ఊరు 8 మైళ్ల నడక. గుడారముల తావు ఇంకను 2 మైళ్లు. ముందుగా అనుమతి పొందనిదే రారాదనియు, ఒకపూట వచ్చి పోవుట కుదరదనియు, మద్యము తేరాదనియు వారు శాసించిరి. అనుమతి దొరకుట దుర్లభమని, రుసుము హెచ్చని విసుగుకొనువారి మాట నాకు న్యాయముగా తోచదు. పోగొట్టుకొన్న నేలను తొంబదియేండ్లకు పైగా పోరి తిరిగి పొందినవారు, తమ ఇంటి వాకిట ఎందరు బస చేయవలెనో తామే నిర్ణయించుకొనుట తప్పెట్లగును?

నీటి అపాయము ఆ లోయకు మాత్రమే పరిమితము కాదు: 2024 మే నెలలో, అరిజోనాలోనే, ఫాసిల్ క్రీక్ జలపాతమువద్ద ఇద్దరు తెలుగు విద్యార్థులు నీట మునిగి మరణించిరి. చదువులకై బిడ్డలను పంపిన తలిదండ్రులకు అంతటి వార్త మఱియొకసారి చేరరాదు. కావున అచ్చటి మన సంఘములు పండుగలతోపాటు ఈతశిక్షణమును కూడ ఏర్పాటు చేయవలెను. ఇక యాత్రకు సిద్ధమగుచున్న యువకులారా, గురువు సమక్షమున ఈత నేర్చిన పిదపనే అట్టి నీట దిగుడు. లోతెఱుగని మడుగున దూకకుడు. బయలుదేరు ముందు పీఠభూమిమీది వానజాడ విచారింపుడు. నేడు రావలదని ఆ జాతివారు చెప్పిననాడు మారుమాటాడక మరలిపొండు.