వంతెన శ్లాబుకు లోపలి నుంచీ నీళ్లు పెట్టాలి

కాంక్రీటు గట్టిపడేది ఎండలో ఎండి కాదు, తడిలో నాని. సిమెంటు నీటితో కలిసి రాయిలా మారడానికి రోజులు పడుతుంది. మధ్యలో తడి ఆరిపోతే ఆ పని అక్కడే ఆగిపోతుంది. అందుకే కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456 మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులు, ఎండ తీవ్రంగా ఉంటే కనీసం 10 రోజులు క్యూరింగ్ చేయాలంటుంది. గోనె పట్టాలు కప్పేదీ, మడులు కట్టి నీళ్లు నిలిపేదీ ఇందుకే.

నేటి వంతెనలకు, హైవేలకు ఇది చాలదు. బలం కోసం వాటి కాంక్రీటులో నీటి పాలు బాగా తగ్గిస్తున్నారు. సిమెంటు బరువులో నీరు సుమారు 0.42 వంతు కంటే తగ్గితే, కలిపిన నీటితోనే సిమెంటంతా గట్టిపడడం కుదరదు. అంత చిక్కటి కాంక్రీటులోకి పైన పోసిన నీళ్లు లోతుగా దిగవు. లోపలి సన్నని రంధ్రాలు ఎండిపోతాయి, శ్లాబు కుంచించుకుపోతుంది, పగుళ్లిస్తుంది. ఆ పగుళ్లలోంచి వాననీరు, తీరప్రాంతాల్లో ఉప్పు దిగి ఇనుప చువ్వలకు తుప్పు పట్టిస్తాయి.

దీనికి విరుగుడు లోపలి క్యూరింగ్. ఇసుకలో కొంత భాగం తీసేసి, కాల్చి ఉబ్బించిన షేల్ లేదా బంకమట్టి గుళికలను నీటిలో నానబెట్టి కలుపుతారు. పొలానికి వెళ్లేవాడు సద్దిమూట తీసుకెళ్లినట్టు, ఈ గుళికలు నీటిని రంధ్రాల్లో దాచుకుని వెళ్లి, చుట్టూ తడి తగ్గినప్పుడు విడుస్తాయి. 100 కిలోల సిమెంటుకు ఇలా దాచాల్సిన నీరు సుమారు 7 కిలోలు. ఇది కలిపే నీటికి అదనం, దాని లెక్క వేరు. ప్లాంటులో గుళికల తడిని సరిగా కొలవకపోతే మిశ్రమమే చెడుతుంది. అసలు శ్రద్ధ పెట్టాల్సింది అక్కడే.

ఇది ప్రయోగశాల ముచ్చట కాదు. తేలిక కంకర పీల్చుకున్న నీరు సిమెంటుకు పనికొస్తుందని పాల్ క్లీగర్ 1957లోనే రాశారు. 2005లో టెక్సస్‌లోని హచిన్స్‌లో ఒక రైల్వే సరుకు టెర్మినల్‌కు ఈ పద్ధతిలో దాదాపు 1,90,000 ఘనమీటర్ల కాంక్రీటు వేశారు. ఇండియానాలోని మన్రో కౌంటీలో 2010లో ఒక వంతెనను మామూలుగా, మరొకదాన్ని ఇలా కట్టి పోల్చి చూశారు. మామూలు శ్లాబులో పగుళ్లు వచ్చాయి. తొలి తనిఖీల్లో రెండోదానిలో కనిపించలేదు. న్యూయార్క్ రాష్ట్రం చాలా వంతెనలకు దీన్ని వాడింది.

ఊళ్లలో వేసే సీసీ రోడ్లకు ఇది అంతగా అక్కర్లేదు. వాటి మిశ్రమంలో నీరు ఎక్కువే ఉంటుంది. బిల్లు అయిపోగానే ట్యాంకరు మాయం కాకుండా చూస్తే చాలు. ముఖ్యంగా అవసరం ఎం40 గ్రేడుకు పైబడిన వంతెన శ్లాబులకు. అక్కడ కూడా గోనె పట్టాలు తీసేయకూడదు, రెండూ కావాలి.

ఇలాంటి గుళికలను బూడిదతోనూ చేయవచ్చు. రామగుండం, సింహాద్రి విద్యుత్ కేంద్రాల దగ్గర బూడిదకు కొరత లేదు. బూడిదను కాల్చి చేసే కంకరకు ఐఎస్ 9142 రెండో భాగం 2018లోనే వచ్చింది. అలాంటి గుళికలు ఎంత నీరు పీలుస్తాయో, ఎంత సులువుగా విడుస్తాయో ఇక్కడి ఇంజనీరింగ్ కాలేజీలు పరీక్షించి తేల్చాలి. రెండు తెలుగు రాష్ట్రాల రోడ్లు, భవనాల శాఖలు తీరప్రాంతంలో ఒక జత, తెలంగాణ ఎండల్లో ఒక జత వంతెనలపై ప్రయోగం చేసి, పగుళ్ల లెక్క ఏటా ప్రజల ముందు పెట్టాలి. మీ దగ్గర కొత్త వంతెనకు టెండరు పిలిస్తే, శ్లాబుకు లోపలి క్యూరింగ్ పెట్టారా అని ఇంజనీర్లను రాతపూర్వకంగా అడగండి.