‘పోయింది’ అనేది జబ్బు పేరు కాదు

ల్యాబ్‌లో ఎవరి ప్రోగ్రామైనా ఆగిపోతే "కొత్త ల్యాప్‌టాప్ కొనుక్కో" అని ఎవరూ సలహా ఇవ్వరు. "ఎర్రర్ ఏం వచ్చింది? ఏ లైన్లో? నిన్న పనిచేసిందా?" అని అడుగుతాం. సెకండియర్‌కి వచ్చేసరికి ఇది మనకి అలవాటైపోయింది. కానీ ఇంట్లో మిక్సీ తిరగకపోయినా, ఫ్యాను చప్పుడు చేసినా, కారు వైపర్ ఆగిపోయినా అదే మనం ఒకటే మాట అంటాం: "పోయింది." ఆ మాట అనేశాక ఇక మిగిలేది పర్సు తీయడమే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. ప్రతి వస్తువునీ మనమే బాగుచేసుకోవాలని నేను అనట్లేదు. ఏం చెడిందో కనిపెట్టే పని మాత్రం పూర్తిగా ఇంకొకళ్లకి వదిలేయకూడదు అంటున్నాను. అది నేర్చుకోవడానికి కారు వైపర్ కంటే మంచి పాఠం నాకు కనిపించలేదు. దాని పని కళ్లముందే జరుగుతుంది. సామాన్లు పెద్దగా అక్కర్లేదు. పైగా అది పనిచేయకపోతే వచ్చే నష్టం చిన్నది కాదు. రాత్రిపూట జడివానలో, ఎదురుగా లారీ లైట్లు పడుతుంటే, తుడవని అద్దం వెనక కూర్చుని బండి నడపడమంటే కళ్లకి గంతలు కట్టుకున్నట్టే.

ముందు అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. ముందద్దం కింద, బానెట్ వెనక భాగంలో ఒక చిన్న మోటారు ఉంటుంది. మన దగ్గర తిరిగే మామూలు కార్లలో రెండు వైపర్లకీ మోటారు ఒకటే. అది గుండ్రంగా తిరుగుతుంది. దానికి తగిలించిన ఇనుప కడ్డీలు ఆ గుండ్రటి తిరుగుడుని అటూ ఇటూ ఊగే కదలికగా మారుస్తాయి. ఆ కదలిక అందుకునే ఇరుసుల మీద వైపర్ ఆర్మ్‌లు నట్టుతో బిగించి ఉంటాయి. ఆర్మ్‌కి బ్లేడు, బ్లేడుకి రబ్బరు. మోటారుకి ముందు బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చు ఉంటాయి. అంతా కలిపి ఒక గొలుసు అనుకోండి.

గొలుసు అనగానే సీఎస్‌ఈ వాళ్లకి ఏం గుర్తు రావాలి? బైనరీ సెర్చ్! ఒక్కో లింకూ వరసగా వెతకక్కర్లేదు, మధ్యలో ఒక ప్రశ్న వేస్తే చాలు. తాళం తిప్పి, వైపర్ ఆన్ చేసి, చెవి పెట్టి వినండి. మోటారు చప్పుడు వస్తోందా?

చప్పుడే లేదంటే ముందుగా కరెంటు వైపు చూడాలి. మొదట ఫ్యూజు. అది ఎక్కడుందో, ఎన్ని ఆంపియర్లదో కారుతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. కాలిపోయి ఉంటే అంతే ఆంపియర్లది వేయాలి. మళ్లీ కాలిపోతే ఇంకా పెద్దది వేయడం తెలివి కాదు, ప్రమాదం. ఎక్కడో షార్ట్ అవుతోందనో, మోటారు పట్టేసిందనో అది చెప్తోంది. అక్కడ మనం ఆగి ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లాలి.

చప్పుడు వస్తోంది గానీ వైపర్లు రెండూ కదలట్లేదంటే, మోటారు దగ్గర కడ్డీ ఊడి ఉండొచ్చు. ఒకటి కదిలి ఇంకోటి కదలకపోతే, కదలని దాని నట్టు వదులైందేమో చూడాలి, లేదా దాని వైపు కడ్డీ ఊడి ఉండొచ్చు. స్విచ్చు ఆపగానే అద్దం మధ్యలోనే నిలబడిపోతే, వాటిని కిందకి తెచ్చి ఆపే పార్క్ స్విచ్ మీద అనుమానం పడాలి. అది ఎక్కువగా మోటారులోనే ఉంటుంది.

అన్నీ కదులుతూ అద్దం మీద చారలు మాత్రం మిగులుతుంటే రబ్బరుని చూడండి. మన ఎండలకి రబ్బరు గట్టిపడి, అంచు చిట్లుతుంది. ముందు తడిగుడ్డతో రబ్బరునీ, సబ్బునీళ్లతో అద్దాన్నీ తుడవండి. చాలాసార్లు జబ్బు రబ్బరుది కాదు, అద్దం మీద పేరుకున్న జిడ్డుది. అప్పటికీ చారలు పోకపోతే బ్లేడు మార్చాలి. కిర్రుమంటూ ఎగిరెగిరి పడుతుంటే రబ్బరు గట్టిపడిందో, ఆర్మ్ వంగిందో చూసుకోవాలి.

ఒక జాగ్రత్త. బ్లేడు తీసేటప్పుడు అద్దం మీద మందపాటి టవల్ పరచండి. ఆర్మ్‌కి స్ప్రింగు ఉంటుంది. బ్లేడు లేని ఇనుప ఆర్మ్ చెయ్యి జారి పడితే అద్దమే పగలొచ్చు. కడ్డీల దగ్గర చెయ్యి పెట్టేముందు తాళం తీసి జేబులో వేసుకోండి.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, పోయిన జూలైలో మా నాన్న కారుకి డ్రైవర్ వైపు వైపర్ సగం లేచి పడిపోవడం మొదలైంది. పక్కది బాగానే తిరుగుతోంది. నాన్న ఆ కారుని కిరాయికి తిప్పుతారు. వానాకాలంలో బండి ఆగితే ఆ రోజు ఇంట్లోకి వచ్చే డబ్బు ఆగినట్టే. ఒక వర్క్‌షాపులో చూపిస్తే బానెట్ కూడా ఎత్తకుండా "మోటారు పోయింది, సెట్టు మొత్తం మార్చాలి" అని నాలుగు వేల ఎనిమిది వందలు చెప్పారు. మోటారు పోతే పక్కది ఎలా తిరుగుతోంది? నేను ఇదే అడిగితే వచ్చిన జవాబు: "నీకెందుకమ్మా ఇవన్నీ, లోపల ఏసీలో కూర్చో."

బండి ఇంటికి తెచ్చేశాం. ఆర్మ్ అడుగున ప్లాస్టిక్ మూత తీస్తే నట్టు వేలితో తిప్పినా తిరుగుతోంది. వైపర్లని ఒకసారి నడిపి, కిందకి వచ్చి ఆగాక తాళం తీసేశాను. ఇరుసు మీది సన్నటి పళ్లు అరిగిపోలేదని చూసుకుని, ఆర్మ్‌ని రెండోదానికి సమానంగా పెట్టి, పక్కింటి ఆటో అన్న దగ్గర తెచ్చిన స్పానర్‌తో బిగించాను. ఖర్చు సున్నా. ఆ రాత్రే నాన్న వానలో సూర్యాపేట దాకా కిరాయికి వెళ్లొచ్చారు.

"నీకెందుకమ్మా" అన్న ఆ మాట గురించి ఒక సంగతి చెప్పాలి. వైపర్‌కి 1903 నవంబర్ 10న అమెరికాలో పేటెంట్ అందుకున్నది మేరీ ఆండర్సన్ అనే ఆవిడ. న్యూయార్క్‌లో ట్రాంబండి ఎక్కినప్పుడు, మంచు పడుతుంటే ముందు దారి కనపడక డ్రైవర్ పడే అవస్థ చూసి ఆలోచించింది. లోపల లీవర్ తిప్పితే బయట రబ్బరు పట్టీ అద్దాన్ని తుడిచే పరికరం అది. దాంతో ఆవిడకి డబ్బేమీ రాలేదు. కానీ గ్రీజు అంటిన చేతులు ఎవరివి కావాలో ఇంకా చర్చించుకునే వాళ్లకి ఆ పేరు ఒక్కటి గుర్తుంటే చాలు.

"అందరూ ఇలా మొదలుపెడితే మెకానిక్‌ల బతుకేంటి?" అని నా రూమ్మేట్ అడిగింది. మంచి ప్రశ్నే. నా జవాబు: తెలిసిన కస్టమర్ వల్ల పని వచ్చిన మెకానిక్‌కి నష్టం లేదు. "కుడిది కదలట్లేదు, ఎడమది కదులుతోంది, మోటారు చప్పుడు వస్తోంది, నట్టు గట్టిగానే ఉంది" అని చెప్తే అతనికి సగం టైము కలిసొస్తుంది. నష్టపోయేది చూడకుండానే "మొత్తం మార్చాలి" అనేవాళ్లు మాత్రమే. వాళ్ల గురించి నేను బాధపడదలుచుకోలేదు.

మన దేశంలో 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ మొదలుపెట్టింది. అందులో వాహనాలూ ఒక విభాగం. మంచిదే. కానీ తన వస్తువుకి ఏమైందో రెండు వాక్యాల్లో చెప్పలేని మనిషికి ఏ హక్కు ఇచ్చినా దాన్ని వాడుకోవడం కష్టం.

నేను నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగు క్లబ్బులో చేరినప్పుడు తెలుగు అంటే పద్యాలూ కథలే అనుకునేదాన్ని. ఏది కదులుతోంది, ఏది కదలట్లేదు, ఎప్పట్నుంచి, ఏ చప్పుడుతో అని ఇంటి భాషలో, నాన్నకీ మెకానిక్ అన్నకీ ఒకేలా అర్థమయ్యేట్టు చెప్పడం కూడా తెలుగు రావడమే అని ఇప్పుడు అనిపిస్తోంది. వైపర్‌కి అచ్చ తెలుగు పదం ఏంటని మా గ్రూపులో అడిగితే ఎవరో ‘తుడుపుడుకర్ర’ అన్నారు. అందరం నవ్వుకున్నాం. వైపర్ అనే అందాం, ఫర్వాలేదు. దానికి ఏమైందో మాత్రం తెలుగులో పూర్తిగా చెబుదాం.

ఈసారి సెలవులకి ఇంటికెళ్తే, వానలు మొదలవకముందే పది నిమిషాలు ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న కారు దగ్గర నిలబడండి. అద్దం మీద నీళ్లు పోసి వైపర్లు వేయండి (ఎండిన అద్దం మీద వేస్తే రబ్బరూ పాడు, అద్దం మీద గీతలూ పడతాయి). చూడండి, వినండి. ఏదైనా తేడా కనిపిస్తే "పోయింది" అనకుండా మూడు వాక్యాల్లో చెప్పండి. నాలుగో వాక్యం రిపేరు గురించి. అది మీరే చేస్తారో, మెకానిక్‌తో చేయిస్తారో మీ ఇష్టం.