గగనమహలు కమానుల క్రింద

రాజసౌధముల వాస్తువును గూర్చిన యీ సంచికను కూర్చుచున్నప్పుడు, పారశీక ప్రభువుల మందిరములను చూడబోవు స్తోమతు లేని మాబోటి పామిడివారికి, అనంతపురము మీదుగా పోయి చేరదగిన పెనుకొండ గగనమహలే తొలి పాఠమని తోచినది. 1565 నాటి యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియైన ఆ కొండ పాదమున, మొనదేలిన కమానులు వరుసదీరియుండగా, వానిపైన దేవాలయ విమానమును బోలిన శిఖరము లేచియున్నది.

రాతిదూల మెంత పొడవో ద్వారమంతే వెడల్పు. కమానులోనో, చిన్న చిన్న రాళ్లు, ఇటుకలే ఒకదానినొకటి యొత్తుకొని పైబరువును ప్రక్కలకు దింపును. ప్రాచీన పారశీక ప్రభువులైన ససానీయుల తేసిఫోను సౌధమున ఇటుకలతో ఆకాశమంటిన యీ విద్య, బహమనీ సుల్తానుల గడ్డమీదుగా మన వడ్రంగుల, కాసెపనివారల చేతికి వచ్చినది. 1443లో పారశీకము నేలిన షారూఖు దూతగా అబ్దుర్ రజాకు విజయనగరమునకు వచ్చెను గదా. రాకపోకలు రాయబారములతోనే ఆగునా?

హైదరాబాదులోని చౌమహల్లా టెహరాను షా సౌధమునకు ప్రతిరూపమందురు. అందు వైభవము మెండే కాని, పరదేశపు కమానుపై మన గోపురము నిలుపగలిగిన పెనుకొండ సాహసము లేదని నా అభిప్రాయము.

చూడబోవువారు ప్రొద్దెక్కకమునుపే పోవుదురు గాక. సున్నపుపనిలోని గీతలు ఏటవాలు వెలుగుననే స్పష్టముగా కనబడును.