రోటరీ ఇంజిన్‌కి అల్పాయుష్షు ముద్ర వేయొద్దు

సంపాదకులు గారికి,

పోయిన ఆదివారం మీ వాహనాల పేజీలో పాత కార్లు కొనేవాళ్లకు జాగ్రత్తలు చెబుతూ వేసిన వ్యాసం చదివాను. మిగతాదంతా బాగానే ఉంది. రోటరీ ఇంజిన్ గురించి మాత్రం ఒకే ఒక్క ముక్క రాసి వదిలేశారు: అది లక్ష కిలోమీటర్లు కూడా రాదు, దాని జోలికి పోవద్దు అని. నేను కారంపూడిలో దాచేపల్లి రోడ్డు మీద షెడ్డు పెట్టుకుని ముప్పై నాలుగేళ్లు ట్రాక్టర్లు, లారీలు, జీపులు విప్పి బిగించినవాణ్ణి. రోటరీ బండి మా ఊరికి ఎప్పుడూ రాలేదు, వచ్చే సూచనా లేదు. అయినా ఎందుకు రాస్తున్నానంటే, మీ రచయిత చేసిన పొరపాటే నేనూ ఒకసారి చేశాను గనక.

మా మేనల్లుడు అమెరికాలో డాలస్ దగ్గర ఉంటాడు. నాలుగేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో మాజ్దా ఆర్‌ఎక్స్-8 కొన్నాడు. నెల తిరక్కుండానే ఫోను. "మామయ్యా, ఇది ఆయిల్ తాగేస్తోంది. గేజ్ కడ్డీ తీసి చూస్తే సగానికి దిగిపోయింది." పొగ వేస్తోందా అంటే లేదన్నాడు. "అయినా సరే, రింగులు పోయి ఉంటాయి, బోరుకొచ్చింది, ఎవరికైనా అంటగట్టేయ్ రా" అని తేల్చేశాను. ఆ ఇంజిన్లో పిస్టనే లేదు, ఇక బోరు ఎక్కడిది? వాడు పటాలు పంపించి, వీడియో కాల్లో గంటసేపు కూర్చుంటే గానీ నాకు బుర్రకెక్కలేదు.

పిస్టన్ పైకీ కిందికీ కొట్టుకోవడానికి బదులు మూడు మూలల రోటరు ఒకటి గది లోపల గుండ్రంగా తిరుగుతుంది. ఆ గది బాగా బలిసిన వేరుశెనగ కాయ ఆకారంలో ఉంటుంది, నడుం దగ్గర చిన్న నొక్కుతో. రోటరు మూడు మూలల చివర్లలో ఎపెక్స్ సీళ్లని ఉంటాయి, అవి గది గోడను రాసుకుంటూ పోతాయి. ఒకటి చూడాలని ఉందంటే, మొన్న కార్తీకంలో మా ఊరి వీరుల తిరునాళ్లకు వచ్చినప్పుడు మేనల్లుడు ఎవరో విప్పేసిన ఇంజిన్‌ది పాత సీలు జేబులో వేసుకొచ్చి నా చేతిలో పెట్టాడు. మూడంగుళాల పైచిలుకు పొడవు, రెండు మిల్లీమీటర్ల మందం. చిన్నప్పుడు బళ్లో రాసుకున్న బలపమంత ఉంది, దానికంటే పల్చన. ఒక అంచు నున్నగా అరిగి, చివర చిన్న పెచ్చు లేచింది. నిమిషానికి వేలసార్లు జరిగే పేలుళ్లను ఆపేది ఈ పుల్ల!

దీనికి ఎప్పుడూ తడి ఉండాలి. అందుకే తయారుచేసినవాళ్లే ఒక చిన్న పంపు పెట్టి, ఇంజిన్ ఆయిల్‌ను చుక్కచుక్కగా లోపలికి పంపిస్తారు. అది పెట్రోలుతో పాటే కాలిపోతుంది. అంటే ఈ బండిలో ఆయిల్ తగ్గడం జబ్బు కాదు, తగ్గకపోతేనే పంపు పోయిందేమోనని భయపడాలి. మామూలు కారు నడిపి అలవాటైన మనిషి సర్వీసుకిచ్చిన రోజు తప్ప బానెట్ ఎత్తడు. రోటరీ బండిని అలా వదిలేస్తే కడ్డీ ఎండిపోతుంది, సీళ్లు గోడను గీకేస్తాయి. పెట్రోలు పోయించిన ప్రతిసారీ కడ్డీ చూడమని వాటిని నడిపేవాళ్లంతా మొత్తుకునేది ఇందుకే.

రెండో శత్రువు వేడి. ఇక్కడ మన ఇంజిన్లకీ దానికీ పెద్ద తేడా ఉంది. పిస్టన్ ఇంజిన్‌లో సిలిండర్ ఒక్కటే చోటు: అక్కడే గాలి పీలుస్తుంది, అక్కడే మండుతుంది. రోటరీలో గాలి పీల్చేది ఒక పక్క, మండేది ఇంకో పక్క, జీవితాంతం ఆ రెండు చోట్లూ మారవు. ఒక పక్క చల్లగా, ఒక పక్క నిప్పుగా ఉన్న అల్యూమినియం గది, దానికి రెండు వైపులా ఇనుప పలకలు. ఒక్కసారి గట్టిగా వేడెక్కిందంటే గది వంకర పోతుంది, నీళ్ల సీళ్లు వదిలేస్తాయి. మా వైపు బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లగా అట్టకడుతుంది. ఆ నీళ్లే రేడియేటర్లో పోసి, సున్నం పేరుకుని హెడ్ గాస్కెట్ పోయిందని నా దగ్గరికి తెచ్చిన బళ్లకు లెక్కలేదు. అదే పని రోటరీకి చేస్తే గాస్కెట్‌తో సరిపోదు, ఇంజిన్ మొత్తం దించాలి.

ఇంకా ఉన్నాయి. చల్లగా ఉన్న బండిని సెల్ఫ్ కొట్టి, నాలుగడుగులు జరిపి, వెంటనే ఆపేస్తే పెట్రోలు లోపల నిలిచిపోయి మళ్లీ అంటుకోదు. కాయిళ్లు బలహీనమైతే మండని పెట్రోలు ఆయిల్ పొరను కడిగేస్తుంది. భయపడి మెల్లగానే నడిపితే మసి పేరుకుని సీళ్లు కదలవు. కొత్త పెళ్లికూతురిలా చూసుకుందామంటే దానికి పనికిరాదన్నమాట.

మీ రచయిత పూర్తిగా అబద్ధం రాయలేదు, ఒప్పుకుంటాను. 1967లో జర్మనీ వాళ్లు తెచ్చిన ఎన్‌ఎస్‌యూ రో 80 కార్ల సీళ్లు తొందరగా అరిగిపోయి, ఇంజిన్లు మార్చిచ్చే ఖర్చుకే ఆ కంపెనీ నడుం విరిగింది. 1969లో ఇంకో కంపెనీలో కలిసిపోయింది. మాజ్దాలో రోటరీ మీద పనిచేసిన యమమోతో కెనిచి బృందానికి కూడా మొదట్లో గది గోడ మీద అలలలా గీతలు పడేవట, వాటికి దెయ్యం గోళ్ల గీతలని పేరు పెట్టుకున్నారు. ఆర్‌ఎక్స్-8కి అమెరికాలో ఇంజిన్ వారంటీని ఎనిమిదేళ్లకు, లక్ష మైళ్లకు పెంచాల్సి వచ్చింది. 2009 మోడల్ నుంచి ఒక్కో రోటరుకు ఆయిల్ చిమ్మే ముక్కులు రెండు చాలవని మూడు పెట్టారు. తప్పు తయారీలోనూ ఉందని అంతకంటే ఏం ఒప్పుకోవాలి? కానీ అదే కంపెనీ నాలుగు రోటర్ల రేసు కారు 787బి 1991లో లే మాన్స్ పందెంలో 24 గంటలు పరిగెత్తి గెలిచిందన్న ముక్క కూడా మీ వ్యాసంలో పడాల్సింది.

నా వాదన రోటరీతో ఆగదు. మా దగ్గర ఇద్దరు అన్నదమ్ములు ఒకే వారంలో ఒకే రకం ట్రాక్టర్లు కొన్నారు. పెద్దాయన బండి ఆరు వేల గంటలు దాటినా హెడ్ దించలేదు. చిన్నాయన బండి పిడుగురాళ్ల సున్నం బట్టీలకు తోలకానికి తిరిగేది. ఎయిర్ క్లీనర్ గిన్నె విప్పితే ఆయిల్ కాదు, ఒండ్రుమట్టి ఉంది. రెండున్నర వేల గంటలకే బోరుకొచ్చింది. మీ పేజీ లెక్క ప్రకారం ఆ రెండూ ఒకే ఆయుష్షు ఉండాల్సిన బళ్లు. పైగా పాత బళ్ల బేరాల్లో మీటరు వెనక్కి తిప్పడం ఎంత మామూలో మీకు తెలియనిది కాదు.

అందుకని నా మనవి ఒక్కటే. బండి ఇన్ని కిలోమీటర్లు వస్తుంది అని రాయడం మానేసి, కంప్రెషన్ కొలిపించి కొనమని రాయండి. రోటరీకి మామూలు గేజ్ పనికిరాదని కూడా చెప్పండి. ఒక్కో రోటరుకు మూడు ముఖాలు, మూడు అంకెలు రావాలి. మన గేజ్ పెడితే వాటిలో పెద్దదాన్నే చూపించి, పాడైనదాన్ని దాచేస్తుంది. రెండు రోటర్ల ఆర్‌ఎక్స్-8కి ఆరు అంకెలు చూడాలి, సెల్ఫ్ వేగం 250 ఆర్‌పీఎమ్ దగ్గర ప్రతిదీ సుమారు 100 పీఎస్ఐకి తగ్గకూడదు. ఆంధ్రాలో ఈ బండి కొనేవాళ్లు లేకపోవచ్చు గానీ, మీ పేజీని ఫోన్లలో చదివే మన పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో బోలెడంతమంది ఉన్నారు.

మా మేనల్లుడు అరవై వేల మైళ్లప్పుడు కొన్న బండి ఇప్పుడు తొంభై ఎనిమిది వేలు దాటింది, ఇంజిన్ విప్పలేదు. పోయిన నెల కొలిపించాడు. అయిదు అంకెలు నూటికి పైన, ఒకటి 97. ఆ ఒక్కదాని కోసం ఇప్పటినుంచే డబ్బు పక్కన పెట్టుకుంటున్నాడు.

ఇట్లు,
ఒక పాత మెకానిక్,
కారంపూడి, పల్నాడు జిల్లా.