జ్వరం ఒకటే... వైరస్ ఏది?

ఆఫీసులో ఇద్దరు దగ్గితే చాలు, మా టీమ్ వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టేస్తారు: ‘కరోనానా? ఫ్లూనా?’ ఓట్లేసి తేల్చే విషయమా ఇది!

జ్వరం, దగ్గు, గొంతునొప్పి, ఒళ్లునొప్పులు... మొదట్లో రెండింటికీ ఇవే. ఫ్లూ ఎక్కువగా ఉన్నట్టుండి పడేస్తుంది. వైరస్ సోకిన 1 నుంచి 4 రోజుల్లో బయటపడుతుంది. కరోనాకి 2 నుంచి 14 రోజులు పట్టొచ్చు. వాసన పోతే కరోనా అని అనుమానించొచ్చు. కానీ ఒమిక్రాన్ వచ్చాక ఆ లక్షణం బాగా తగ్గింది. కాబట్టి కాఫీ వాసన తెలుస్తోందని ధీమా పడకండి.

ఒకే ఎర్రర్ మెసేజ్ వెనక రెండు బగ్స్ ఉంటే, మేం మెసేజ్‌నే చూస్తూ కూర్చోం, టెస్ట్ రన్ చేస్తాం. ఇక్కడా అంతే. ర్యాపిడ్ కిట్‌లో పాజిటివ్ వస్తే నమ్మొచ్చు. మొదటి రోజే నెగెటివ్ వస్తే మాత్రం అప్పుడే సంబరపడొద్దు. 48 గంటలాగి మళ్లీ చేయండి, లేదంటే ఆర్టీపీసీఆర్ చేయించండి.

తేడా తెలిస్తే ఏంటి లాభం అంటారా? ఫ్లూ మందు ఒసెల్టామివిర్ మొదటి 48 గంటల్లో మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. కరోనాపై పనిచేయదు. యాంటీబయాటిక్స్ అయితే ఈ రెండు వైరస్‌లనీ ఏమీ చేయలేవు.

మా ఇంట్లో షుగర్ ఉన్న నానమ్మ ఉంది. అలాంటి పెద్దవాళ్లకి జ్వరమొస్తే రెండో టెస్ట్ దాకా ఆగొద్దు, మొదటి రోజే డాక్టర్‌కి చూపించండి. మీకే వస్తే? రిపోర్ట్ ఏదైనా సరే, ముందు మాస్క్ పెట్టుకుని వేరే గదిలోకి మారిపోండి.