కథావస్తువు – కొత్తదనం

చలనచిత్రాలకు, టెలివిజన్ ధారావాహికలకు కొత్త కథలు కావాలని పోటీలు ప్రకటించినప్పుడల్లా యువతలో రెండు రకాల వెనుకంజ కనిపిస్తుంది. చెప్పదగినవన్నీ పెద్దలు ఇదివరకే చెప్పేశారు, నా దగ్గర కొత్తదేముందని కొందరు నిరుత్సాహపడతారు. నా ఆలోచనను పంపితే ఎవరో కాజేస్తారని మరికొందరు దాచుకుంటారు. మొదటిది న్యూనతాభావం, రెండవది అనుమానం. పైకి వేరుగా తోచినా రెండింటికీ మూలం ఒక్కటే. ఆలోచననే కథగా భావించడం ఆ మూలం. బీజం లేనిదే వృక్షం లేదన్నది నిజమే. కాని గుప్పెట్లో గింజ ఉన్నవాడు తోటకు యజమాని కాలేడు. ఈ భేదాన్ని గ్రహించి, ఆలోచనను రచనగా పెంచి పోటీకి పంపడమే యువ రచయితకు శ్రేయస్కరం.

వస్తువు పాతదా, కొత్తదా అన్న విచారణ మన సాహిత్యంలో ఎంతో కాలంగా ఉన్నదే. ధనంజయుడు దశరూపకంలో ఇతివృత్తాన్ని ప్రఖ్యాతం, ఉత్పాద్యం, మిశ్రం అని మూడు విధాలుగా విభజించాడు. ఇతిహాస పురాణాల నుండి గ్రహించినది ప్రఖ్యాతం. కవి స్వయంగా కల్పించినది ఉత్పాద్యం. రెండింటి కలయిక మిశ్రం. పదహారవ శతాబ్దిలో రామరాజభూషణుడు వసుచరిత్రలో వీటిని రత్నాలతో పోల్చాడు. కేవల కల్పిత కథలు కృత్రిమ రత్నాలనీ, ప్రాచీన కథలు గనిలో పుట్టినవనీ, రెండూ కలిసిన కథలు సానపట్టిన జాతిరత్నాలనీ ఆయన అభిప్రాయం. అదే శతాబ్దిలో పింగళి సూరన కళాపూర్ణోదయాన్ని తన కల్పనాశక్తితోనే నిర్మించి, ఉత్పాద్య కథ కూడా జాతిరత్నం కాగలదని నిరూపించాడు.

మన చలనచిత్రాలలో మిశ్ర వస్తువుకు మాయాబజార్ చక్కని ఉదాహరణ. శశిరేఖ ప్రేమకథ వ్యాసభారతంలో లేదు. జనశ్రుతిలో, నాటకాలలో వ్యాపించిన ఆ కథ 1936లోనే తెలుగులో చిత్రంగా వచ్చింది. అయినా 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వంలో వెలువడిన మాయాబజార్‌నే ప్రజలు నేటికీ తలచుకుంటారు. పాండవుల బంధువుల ఇంటి కథ అయినప్పటికీ అందులో పాండవులు ఒక్క దృశ్యంలోనూ కనిపించరు. దేవతామూర్తుల వంటి పాత్రలు తెలుగింటి పెళ్లి సందడిలో మన చుట్టాల వలె మెలగుతాయి. కథ పాతదే, కూర్పు కొత్తది.

రెండు రచనల మధ్య పోలిక కనిపించగానే చౌర్యమని తీర్మానించడం కూడా తొందరపాటే. కాశ్మీర దేశీయుడైన ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దిలో ధ్వన్యాలోకంలో ఈ విషయాన్ని సూక్ష్మంగా పరిశీలించాడు. అద్దంలోని ప్రతిబింబం వంటి పోలిక మొదటిది. దానికి సొంత ఆత్మ ఉండదు. చిత్రపటం వంటి పోలిక రెండవది. దాని ఆత్మ అల్పమైనది. ఒకరినొకరు పోలిన ఇద్దరు మనుషుల వంటిది మూడవది. మొదటి రెండింటినీ విడిచిపెట్టాలనీ, మూడవదాన్ని విడువనక్కరలేదనీ ఆయన నిర్ణయం. ముఖం చంద్రుణ్ణి పోలినంత మాత్రాన దాని శోభ తగ్గదు కదా! పోటీకి కథ రాసే విద్యార్థి తన రచనను ఈ గీటురాయి మీదనే పరీక్షించుకోవాలి.

ఇందుకు ఇటీవలి నిదర్శనం ‘లాపతా లేడీస్’ అనే హిందీ చిత్రం. బిప్లబ్ గోస్వామి ‘టూ బ్రైడ్స్’ పేరుతో రాసిన కథ సినీస్తాన్ సంస్థ నిర్వహించిన అఖిల భారత పోటీకి వెళ్లింది. 2018లో ఫలితాలు వెలువడినప్పుడు దానికి ప్రథమ బహుమతి దక్కలేదు. అయితే న్యాయనిర్ణేతలలో ఒకరైన ఆమిర్ ఖాన్ మనసును అది ఆకట్టుకుంది. కిరణ్ రావు దర్శకత్వంలో 2024 మార్చిలో చిత్రంగా విడుదలై, ఆ సంవత్సరమే భారతదేశం తరఫున ఆస్కార్ పోటీకి ఎంపికైంది. మేలిముసుగుల కారణంగా ఇద్దరు నవవధువులు రైలు ప్రయాణంలో తారుమారు కావడం అందులోని బీజం. ఇటువంటి తారుమారు సాహిత్యానికి కొత్త కాదు. రవీంద్రనాథ ఠాగూరు ‘నౌకాడూబి’ నవలలో పడవ మునక వల్ల అదే జరుగుతుంది. కాని ఈ చిత్రంలో ఒక వధువు రైల్వేస్టేషనులోని టీ దుకాణంలో తన కాళ్ల మీద తాను నిలబడడం నేర్చుకుంటుంది. మరొక వధువు వ్యవసాయ విద్య కోసం తపిస్తుంది. ఈ ఇద్దరి ఆత్మగౌరవమే కథకు ప్రాణం.

2025లో ఈ చిత్రానికి ‘బుర్ఖా సిటీ’ అనే 2019 నాటి లఘుచిత్రంతో పోలిక ఉందని వివాదం చెలరేగింది. తన కథాసంగ్రహాన్ని 2014లోనే స్క్రీన్ రైటర్స్ అసోసియేషన్‌లో నమోదు చేశానని రచయిత బదులిచ్చారు. కథను కాగితం మీద పెట్టి, తేదీతో భద్రపరచుకున్నందువల్లనే ఆయన ఆధారం చూపగలిగారు. మనసులో దాచుకున్న ఆలోచనకు తేదీ ఉండదు, సాక్ష్యం ఉండదు.

న్యాయశాస్త్రం కూడా ఈ దృష్టినే సమర్థిస్తుంది. ఆర్.జి. ఆనంద్ అనే నాటకకర్త, 1956లో వచ్చిన ‘న్యూఢిల్లీ’ చిత్రం తన ‘హమ్ హిందుస్తానీ’ నాటకానికి అనుకరణ అని న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. 1978లో సుప్రీంకోర్టు ఆ వాదనను అంగీకరించలేదు. ఆలోచనకు, ఇతివృత్తానికి కాపీరైటు ఉండదనీ, వాటిని వ్యక్తం చేసిన రూపానికి, కూర్పుకు మాత్రమే రక్షణ ఉంటుందనీ స్పష్టం చేసింది. ఈ తీర్పు కొందరికి చేదుగా తోచవచ్చు. కాని ఆలోచనలకే హక్కులుంటే రామకథను రెండవ కవి రాయగలిగేవాడా? కనుక ఒక వాక్యంలో ఆలోచన పంపి ఊరుకోవడం క్షేమం కాదు. పాత్రల స్వభావం, సంఘటనల క్రమం, ముఖ్య సన్నివేశాలు, ముగింపు వివరంగా రాసినప్పుడే ఆ రచన తనదని చెప్పుకోవడానికి వీలవుతుంది.

మాధ్యమాన్ని బట్టి కథ స్వరూపం మారుతుందని కూడా గుర్తించాలి. సినిమా కథ రెండు మూడు గంటలలో ఫలసిద్ధిని పొందాలి. ధారావాహికకు నెలల తరబడి సాగే శక్తి కావాలి. ప్రాచీనులు అర్థప్రకృతులలో ‘బిందువు’ అనే దానిని చెప్పారు. కథాప్రయోజనానికి అంతరాయం కలిగినప్పుడు దానిని మళ్లీ అందుకొని, నీటి మీద నూనెబొట్టు వలె వ్యాపించేది బిందువు. నేటి ధారావాహికలు కొన్ని కథను పెంచడానికి బదులు సాగదీయడం ఈ సూత్రాన్ని విస్మరించినందువల్లనే.

పోటీలో పాల్గొనేవారు బహుమతి మొత్తం కంటె ముందు నిబంధనలను చదవాలి. బహుమతి రాని కథల మీద కూడా సర్వహక్కులు తమవేనని నిర్వాహకులు రాసుకుంటే, అటువంటి పోటీకి దూరంగా ఉండడమే మేలు. కాపీరైటు చట్టం ప్రకారం హక్కుల బదిలీ లిఖితపూర్వకంగా జరగాలి. ఏ హక్కులు, ఎంత కాలానికి, ఏ ప్రాంతానికి ఇస్తున్నామో అందులో స్పష్టంగా ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారు చేసుకున్న ఒప్పందం చట్టరీత్యా చెల్లదు కాబట్టి, ఇంటర్మీడియట్ విద్యార్థులు తల్లిదండ్రులతో సంప్రదించే ముందుకు సాగాలి. ఎంపిక కాని కథను రచయితకే విడిచిపెట్టడం నిర్వాహకుల కనీస ధర్మం.

ప్రవేశపరీక్షల కాలంలో కథలెందుకని పెద్దలు అడగవచ్చు. వారి ఆందోళన సహజమే. అయితే ఒక కథను ఆద్యంతం ఆలోచించి, తెలుగులో స్పష్టంగా రాయగల విద్యార్థి ఏ విషయాన్నైనా క్రమంగా వివరించగలడు. పోటీ ఇచ్చే గడువు సోమరి ఆలోచనను రచనగా మారుస్తుంది. ఇక వస్తువు కోసం దూరం పోనక్కరలేదు. వానలు లేక వలస వెళ్లిన కుటుంబం, మగ్గం వదిలి పట్నంలో కాపలా పనికి కుదిరిన నేతకారుడు, పిల్లలు విదేశాలకు వెళ్లిన తరువాత తాళం పడిన ఇల్లు—ఇవన్నీ మన కళ్లముందే ఉన్నాయి. వీటిని దగ్గర నుండి చూసినవారు రాయకపోతే, ఎన్నడూ చూడనివారు తమకు తోచినట్లు రాస్తారు. మన జీవితాన్ని మనమే చెప్పుకోగలగడం ఏ బహుమతికీ తీసిపోని గౌరవం.