కబాడీ భాయ్‌కి భావ్ చెప్పరా?

పాత కంప్యూటర్ కీబోర్డులు జమ చేసే షౌఖ్ ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే, ఎక్కువ వాహ్ వాహ్ ఏ మాటకు దొరుకుతుందో తెలుసా? "కబాడీవాడికి ఏమీ తెలీదు మియా, నూట యాభైకే ఇచ్చేశాడు" అన్న మాటకు. అరుదైనది దొరికినవాడికి కూడా అంత ఇజ్జత్ ఉండదు. చచ్చిపోయిన కీబోర్డును నెల రోజులు కూర్చుని బతికించినవాడిని ఎవరూ పట్టించుకోరు. వేల రూపాయల చీజ్‌ని నూట యాభైకి కొట్టుకొచ్చినవాడే ఆ మెహఫిల్‌లో ఉస్తాద్. అందరూ షాబాష్ అంటారు, ఫోటోలు అడుగుతారు. ఆ దుకాణం ఎక్కడో మాత్రం వాడు చెప్పడు.

ఆ షాబాష్‌తోనే నా ఝగ్డా. నేనూ ఈ షౌఖీన్లలో ఒకణ్నే, బయట నిలబడి రాళ్లు వేయడం లేదు. అమ్మేవాడికి భావ్ తెలియదని మనకు తెలిసీ, నోరు మూసుకుని కొనుక్కుని వచ్చేయడాన్ని మనవాళ్లు చాలాకీ అంటున్నారు. నేను ధోకా అంటాను. ఇందులో నుక్సాన్ కబాడీకి ఒక్కడికే అనుకోవద్దు. మనం ఊరూరా వెతికే ఆ కీబోర్డులు కూడా మన మౌనం వల్లే ముక్కలవుతున్నాయి.

"కీబోర్డుకు అంత పైసా ఎవరు పెడతారు?" అని అమ్మీలు, ఖాలాలు అడుగుతారు. అడగాల్సిందే. ఐబీఎం కంపెనీ మోడల్ ఎం అనే కీబోర్డు గురించి చెప్తాను. 1985లో మొదలైంది. ఇవాళ మన ఇళ్లలో ఉండే చౌక కీబోర్డుల్లో ప్రతి కీ కింద ఒక రబ్బరు బుడిపె ఉంటుంది. నొక్కితే మెత్తగా అణుగుతుంది, కొన్నాళ్లకు సాగిపోతుంది. మోడల్ ఎంలో ప్రతి కీ కింద ఒక స్టీలు స్ప్రింగు ఉంటుంది. కీని నొక్కుతూ పోతే ఒక హద్దు దగ్గర ఆ స్ప్రింగు పక్కకు వంగిపోతుంది, దాని కింద ఉన్న సుత్తి లాంటి చిన్న ముక్క టక్కున పడుతుంది. అక్షరం పడిందని వేలికీ చెవికీ ఒకేసారి ఖబర్ అందుతుంది. లోపల ఇనప రేకు, మొత్తం బరువు రెండు కిలోల పైనే. కీల మీది అక్షరాలు పైన అచ్చు వేసినవి కావు, రంగు ప్లాస్టిక్ లోపలికి ఇంకిపోయి ఉంటుంది. అందుకే ముప్పై ఏళ్లు బాదినా చెరగవు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లెక్సింగ్టన్ కార్ఖానాలో ఎక్కువగా తయారయ్యేవి. 1991లో ఐబీఎం ఆ కార్ఖానాని విడదీస్తే లెక్స్‌మార్క్ కంపెనీ అయింది. 1996లో లెక్స్‌మార్క్ కీబోర్డులు మానేస్తే, యూనికాంప్ అనే చిన్న కంపెనీ ఆ పని ఎత్తుకుని ఇప్పటికీ నడిపిస్తోంది. కీబోర్డును వెనక్కి తిప్పితే ఒక చీటీ ఉంటుంది. దాని మీద పార్ట్ నంబరు, తయారైన తారీఖు. 1391401 అన్న నంబరు కనిపిస్తే షౌఖీన్ గుండె ధడక్ ధడక్ అంటుంది. పనిచేసే స్థితిలో ఉన్న మామూలు మోడల్ ఎం అమెరికాలో వంద డాలర్లకు కాస్త అటూ ఇటూగా పోతుంది. నాలుగేళ్లకోసారి రబ్బరు కీబోర్డు కొని పారేసే ఇంట్లో నన్ను ఇస్రాఫ్ చేస్తున్నావంటే మాత్రం నేను ఒప్పుకోను. అది వేరే బహస్, ఇంకోసారి చూసుకుందాం.

మోడల్ ఎం మన దగ్గర ఎందుకు దొరకదో కుర్రాళ్లకు తెలియదు. వాటా తగ్గించుకోమన్న సర్కారు కానూన్‌కి ఒప్పుకోక ఐబీఎం 1978లో హిందుస్తాన్ వదిలి వెళ్లిపోయింది. మళ్లీ 1992లో టాటాలతో కలిసి వచ్చింది. మోడల్ ఎం జవానీ అంతా ఆ మధ్యలోనే గడిచిపోయింది. అందుకే జుమేరాత్ బజార్‌లో తిరిగినా, ఎర్రగడ్డ ఆదివారం సంతలో తిరిగినా మనకు ముందుగా తగిలేది టీవీఎస్ గోల్డ్. బ్యాంకు కౌంటర్ల వెనక, బిల్లులు కొట్టే దుకాణాల్లో టకటకమని మోగేది అదే. అందులో చెర్రీ కంపెనీ నీలం స్విచ్‌లు ఉండేవి. దాన్నీ వెతికేవాళ్లున్నారు. ఐబీఎంది కావాలంటే ఏదో పెద్ద ఆఫీసు పాత సామాను ఎత్తేయాలి, లేకపోతే బయటి దేశాల స్క్రాప్‌లో కలిసి రావాలి. నాకైతే ఏళ్ల మీద ఒకటి కనిపిస్తే ఎక్కువ.

ఇప్పుడు కబాడీ వైపు కూర్చుని చూడండి. ఒక కబాడీ మామూ, ఒక తోపుడుబండి చిచ్చా లేని ఖాందాన్లు మనలో ఎన్ని? రాగి భావ్ పొద్దున ఎంతో, సాయంత్రం ఎంతో అతనికి తెలుసు. ఇత్తడిని చేత్తో పట్టుకుని బరువు చెప్పేస్తాడు. మదర్‌బోర్డును చూసి ఏ రకమో, కిలోకి ఎంత పలుకుతుందో చెప్పేస్తాడు. అతన్ని జాహిల్ అనుకునేవాడికే దిమాగ్ తక్కువ. కానీ కీబోర్డు అతని లెక్కలో మూడే: వైరులో రాగి, లోపల ఇనుము, మిగిలింది ప్లాస్టిక్. అందుకని ముందు వైరు కోస్తాడు. మోడల్ ఎం లాంటిది బరువుగా తగిలితే ఇనుము కోసం సుత్తి తీస్తాడు. దాని లోపలి పొరలను రేకుకు పట్టి ఉంచేవి సన్నని ప్లాస్టిక్ బొడిపెలు. అవి వయసు మీద పడే ఒక్కొక్కటే విరుగుతుంటాయి, సుత్తి దెబ్బకు ఇంక చెప్పాలా? అతను చేసిన దాంట్లో తప్పు లేదు. తెలిసిన భావ్ ప్రకారం అదే అక్లమందీ. అయితే అతనికి అసలు భావ్ తెలియకుండా ఇన్నేళ్లుగా కాపలా కాస్తున్నది ఎవరు? షౌఖీన్లమే.

నేను ఇది అన్నప్పుడల్లా బహానాలు వస్తాయి. "ఇల్మ్ నాది. రాత్రుళ్లు కూర్చుని చదివి నేర్చుకున్నాను. దాని ఫాయిదా నాకు రాకూడదా?" అంటాడొకడు. రావాలి భాయ్. నీ ఇల్మ్‌తో ఆ చీజ్‌ని గుట్టలోంచి గుర్తుపట్టావు, అది నీ ఫాయిదా. కీలన్నీ ఊడదీసి గోరువెచ్చటి సబ్బు నీళ్లలో కడుగుతావు, విరిగిన బొడిపెల చోట చిన్న బోల్టులు వేస్తావు, పసుపెక్కిన ప్లాస్టిక్‌కి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడతావు. (ఈ ఒక్క పనికి మన మే నెల ఎండ అల్లా ఇచ్చిన నేమత్. డాబా మీద వడియాల పక్కన కీబోర్డు ఎండబెడితే ఇంట్లో ఏమంటారన్నది వేరే ఖిస్సా.) ఆ మెహనత్‌కి ధర కట్టు, భావ్‌లోంచి తగ్గించు. పనిచేస్తుందో లేదో తెలియని రిస్కుకి కూడా తగ్గించు. ఇవన్నీ అతనికి చెప్పి తగ్గించు. అతని తెలియనితనానికి కూడా ధర కట్టి జేబులో వేసుకోవడం ఏ ఇల్మ్?

"అతను అడిగినంత ఇచ్చాను, ఇద్దరం రాజీ అయ్యాం" అంటాడు ఇంకొకడు. ఊరి బయటికి ఎదురెళ్లి, బజారు భావ్ తెలియని కాఫిలావాళ్ల సామాను అక్కడికక్కడే కొనేయడాన్ని హదీసుల్లో మనా చేశారని మన పిల్లలు మక్తబ్‌లోనే వింటారు. అలా కొన్నా, అమ్మినవాడు బజారుకొచ్చి భావ్ చూసుకున్నాక సౌదా రద్దు చేసుకునే హక్కు అతనికి ఇచ్చారు. అక్కడా ఇద్దరూ రాజీ అయ్యే కదా అమ్మారు, కొన్నారు! నేను ఆలిమ్‌ని కాను, ఫత్వా ఇవ్వడం లేదు. ఈ మాట అంటే ఒక దోస్త్ నాతో వాదించాడు: "కబాడీ బజారు బయట లేడు కదా, బజారు నడిమధ్యనే కూర్చున్నాడు." కూర్చున్నాడు. కానీ ఆ చీజ్‌కి బజారు అక్కడ లేదు, నీ ఫోన్‌లో ఉంది. ఫోన్ జేబులో దాచుకుని "ఏం పాత సామాను చిచ్చా, వందకి ఇస్తావా?" అని మొహం వికారంగా పెడతావు చూడు, ఆ యాక్టింగ్ గురించే నేను మాట్లాడుతున్నది. రాజీ అయిన సౌదాకి యాక్టింగ్ దేనికి?

"నేను కొనకపోతే అది కరిగిపోయేది, నేను బచాయించాను" అనేది అన్నిటికన్నా తియ్యటి బహానా. ఒకదాన్ని బచాయించావు, ఒప్పుకున్నాను. నువ్వు చెప్పకుండా వచ్చేసినందుకు ఆ దుకాణంలోకి తర్వాత వచ్చినదాని వైరు తెగిపోయింది. దాని తర్వాతది సుత్తి కింద పడింది. నువ్వు ప్రతి వారం ఆ గుట్ట ముందు నిలబడలేవు, కబాడీ రోజూ అక్కడే ఉంటాడు. ఈ చీజ్‌లను కాపాడగలిగేది అతనొక్కడే. అతనికి మాత్రం మనం చెప్పం!

ఇక "భావ్ చెప్తే రేట్లు పెరిగి షౌఖ్ చచ్చిపోతుంది" అనేవాళ్లకు జవాబ్ చిన్నది. గరీబ్ నోట్లో మట్టి కొడితే తప్ప బతకని షౌఖ్ అయితే చావనీ.

చెప్తే ఏమవుతుందో నా తజుర్బా చెప్తాను. నేను మోడల్ ఎం చూసిన ఒక దుకాణ్‌దార్ రెండు వందలు అడిగాడు. రెండు కీలు లేవు, వైరు ఉంది. దాని కొసన ఆరు పిన్నుల గుండ్రటి ప్లగ్గు. ఇలాంటి దానికి ఉత్త పిన్నులు మార్చే అడాప్టర్ సరిపోదు, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి. అది నా సంచీలోనే ఉంటుంది. ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే లైటు వెలిగింది. ఫోన్‌లో ధరలు చూపించి, ఏమేం తగ్గిస్తున్నానో లెక్క చెప్పి, మూడు వేలు ఇస్తానన్నాను. అతను నన్ను కాదు, కీబోర్డును అనుమానంగా చూశాడు. "ఇస్‌మే సోనా హై క్యా?" అన్నాడు. సోనా లేదు, షౌఖ్ ఉందన్నాను. పక్క దుకాణం ముసలాయనను పిలిచి, నా పిచ్చి గురించి ఇద్దరూ కాసేపు నవ్వుకుని, మూడు వేలు లెక్కపెట్టుకున్నారు. ఆ తర్వాత ఆ దుకాణంలో కీబోర్డుల వైర్లు కోయడం మానేశారు. ఏదైనా బరువుగా తగిలితే వెనక చీటీ ఫోటో తీసి పంపుతారు. పదింటిలో తొమ్మిది పనికిరానివే, అయినా పంపుతారు.

ప్రతిసారీ ఇలాగే అవుతుందని అబద్ధం చెప్పను. ఇంకోచోట భావ్ చెప్పగానే అతను ఏకంగా పదిహేను వేలు అడిగాడు. సలాం చెప్పి వచ్చేశాను. సామాను అతనిది, అడిగే హక్కు అతనిది, వద్దనే హక్కు నాది. ఆ కథ విని నా దోస్తులు నెల రోజులు నవ్వారు. నవ్వుకోనివ్వండి.

ఇప్పుడు మూడు కబాడీ దుకాణాల్లో ఒక కాగితం అంటించాను, తెలుగులో, ఉర్దూలో. బరువైన పాత కీబోర్డు వస్తే వైరు కోయొద్దు, సుత్తి పెట్టొద్దు, వెనక చీటీ మీద ఈ నంబర్లు ఉంటే భావ్ ఇంత, కొనేవాడు ఎవరైనా సరే ఇంతకు తక్కువకు ఇవ్వొద్దు. పోయిన నెల ఒక దుకాణంలో ఆ కాగితం చింపేసి ఉంది. చింపితే దుకాణ్‌దార్‌కి వచ్చేదేమీ లేదు. సంచీ తగిలించుకున్న ఒక కుర్రాడు వచ్చి, గుట్టంతా వెతికి వెళ్లాడని అతనే చెప్పాడు. మళ్లీ రాసి, ఈసారి చేయి అందనంత ఎత్తులో, గల్లా పైన అంటించి వచ్చాను. ధరల అక్షరాలు కాస్త పెద్దవి చేశాను.